బిట్రగుంట డెలానీ

పోయిన వేసవిలో బిట్రగుంట నుంచి ఒక ఫోన్ వచ్చింది. అవతలి గొంతు నాకు తెలియదు. "మా బావ పోయినాడు సార్. మీకు చెప్పమని మా అక్క నంబరిచ్చింది" అన్నాడు. ఏ బావండీ అని అడగవలసి వచ్చింది. నా వయసులో ఇలాంటి ఫోన్లు తరచూ వస్తుంటాయి. పోయినవారెవరో తేల్చుకునేసరికి సంతాపం చల్లారిపోతుంది. "డెలానీ సార్, డెలానీ. బహ్రెయిన్‌లో మీరూ ఆయనా ఒకే కంపెనీ అంట గదా" అన్నాడు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆయన సొంత పేరు ఇక్కడ రాయను. బహ్రెయిన్‌లో దాన్ని మేమెవరం వాడలేదు. ఆయనా వాడినట్టు లేదు. బకెట్టు మీద, మగ్గు మీద, పరుపుచుట్ట మీద, సబ్బుపెట్టె మూత మీద కూడా తెల్ల పెయింటుతో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటిపేరు ఒక్కటే రాసుకునేవాడు. క్యాంపులో అందరి బకెట్లూ ఎప్పుడో ఒకప్పుడు పోయాయి. ఆయనది పోలేదు. ఎవరో దొరగారి బకెట్టు అనుకుని ముట్టుకునేవారు కాదు. ఆ ఇంటిపేరు వల్ల ఆయనకు నికరంగా ఒరిగిన లాభం నాకు తెలిసి అదొక్కటే.

డెలానీ అనేది ఐర్లాండు వాళ్ళ ఇంటిపేరు. మా డెలానీది నెల్లూరు జిల్లా. రంగు గురించి చెప్పాలంటే, బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో మూడు తరాలు బొగ్గు మధ్య బతికిన కుటుంబం, ఆ బొగ్గుకి వీళ్ళ పక్కన సిగ్గుపడవలసిందేమీ ఉండేది కాదు. వాళ్ళ నాన్న చేసింది చక్రాలు కొట్టే ఉద్యోగం. రైలాగినప్పుడు పొడుగు సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెప్పాలి. ఆ చెవి కొడుక్కి వచ్చింది గానీ ఆ ఉద్యోగం రాలేదు. దాంతో ఈయన కనిపించిందల్లా కొట్టి వినేవాడు. గ్యాసు సిలిండరు, పుచ్చకాయ, ఆఫీసు బల్ల, జ్వరం వచ్చి పడుకున్న వాడి వీపు. వేళ్ళ కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, తల వాల్చి, "పగులేం లేదబ్బయ్యా" అనేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సెలవు దొరకని చోట ఆ మాట చాలా పనిచేసేది.

ఎనభైల మొదట్లో ఆవిరింజన్లు తగ్గి, షెడ్డులో పని సన్నగిల్లి, నలభై దాటిన వయసులో ఆయన గల్ఫు ఉద్యోగానికి ఉత్తరం రాసుకున్నాడు. బహ్రెయిన్‌లో ఒక విదేశీ నిర్మాణ కంపెనీ. సంతకం చూశారు, ఇంగ్లీషు చూశారు, వెంటనే సీనియర్ స్టాఫు, ఫ్యామిలీ క్వార్టరు అని ఉత్తరం పంపేశారు. దరఖాస్తుకి ఫోటో అంటించాననీ, జిగురు మంచిది కాక దారిలో ఊడిపోయి ఉంటుందనీ ఆయన నమ్మకం. వీసా సంగతి బొంబాయి ఏజెంటు చూసుకున్నాడు. అలా ముహర్రక్ విమానాశ్రయంలో దిగేదాకా ఆయన ముఖం కంపెనీకి తెలియదు.

ఆ దిగడం గురించి ఆయనే చెప్పేవాడు. నేను కనీసం పదిసార్లు విన్నాను.

"బోర్డు మీద మన పేరే అబ్బయ్యా. పట్టుకున్నోడు పఠాను డ్రైవరు. పోయి పక్కన నిలబడి, 'భాయ్, అది నేనే' అన్నా. నన్ను కిందనించి మీదాకా చూసి, 'జావ్ భాయ్, మజాక్ మత్ కరో, సాబ్ వస్తాడు' అన్నాడు. పాపం డ్యూటీలో ఉండే మనిషి, యాడ తగువు పడేదని నేను గూడా ఆడనే నిలబడినా. గంటన్నర ఇద్దరం కలిసి డెలానీ కోసం చూసినాం. ఆఖరికి ఆయనకి విసుగు పుట్టి, 'నీ సాబ్ గూడా రాలేదా?' అని నన్నడిగినాడు. రాలేదన్నా."

వారం తిరక్కుండా కంపెనీ తన పొరపాటు సవరించుకుంది. గుమాస్తా తప్పిదం అని ఒక కాగితం ఇచ్చి, గలాలీ పక్కనున్న యార్డులో స్టోర్‌కీపరుగా వేసింది. పడక ముహర్రక్ వైపు క్యాంపులో, ఆరుగురి గదిలో. కుటుంబాన్ని తెచ్చుకునే సంగతి ఆరు నెలల తర్వాత పరిశీలిస్తామంది. ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. ఆయనకు కావలసింది ఒకటే, భార్య రావాలి. పిల్లల్లేరు. బయల్దేరేటప్పుడు 'నెలలో పిలిపిస్తా, సిద్ధంగా ఉండు' అని చెప్పి వచ్చాడు. ఆవిడ మాట నమ్మి కోళ్ళు అమ్మేసి, ఇల్లు ఖాళీ చేసి, తమ్ముడింటికి చేరింది.

నేను చేరేటప్పటికి ఆయనొచ్చి ఏడాది దాటింది. కాకినాడలో బీకాం చదివి మనామా ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగం నాది. ఆరు నెలలకోసారి ఆయన తరఫున ఫ్యామిలీ వీసా దరఖాస్తు నేనే టైపు చేసేవాణ్ణి. పరిశీలనలో ఉన్నదని కంపెనీ ఇచ్చే జవాబు కూడా నేనే టైపు చేసేవాణ్ణి. రెండూ ఒకరే రాయడం వల్ల ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో భాష చాలా పొందిగ్గా ఉండేది. జవాబు చేతికిస్తే చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, "సిగ్నల్ పడాల అబ్బయ్యా. మనం తొందరపడితే బండి కదలదు" అనేవాడు. ఆ సాయంత్రం బిట్రగుంటకు ఉత్తరం రాసేవాడు. ఏం రాశారండీ అంటే, "వచ్చే నెల అని రాసినా" అనేవాడు. మూడేళ్ళపాటు ఆవిడకు ప్రతి నెలా వచ్చే నెలే.

శుక్రవారం మా సెలవు. ఆ రోజు తెలుగు క్రైస్తవులందరూ ఒక గదిలో ప్రార్థనకు కూడేవారు. ఈయన కేథలిక్కు, వాళ్ళు కారు. అయినా ఇస్త్రీ ప్యాంటు, బెల్టు వేసుకుని వెళ్ళేవాడు. పేరు చూసి వాళ్ళు ఇంగ్లీషు బైబిలు చదవమంటే, "నాకు తెలుగులో అయితేనే ఏడుపొస్తాది సామీ, ఇంగ్లీషులో రాదు" అని తెలుగే చదివేవాడు. మధ్యాహ్నం అక్కడి సముద్రంలో దొరికే సాఫీ చేపలతో పులుసు పెట్టేవాడు. నెల్లూరి పులుసులో మామిడికాయ ఉండాలి. బహ్రెయిన్‌లో మామిడికాయ అన్నప్పుడల్లా దొరకదు. దొరకని రోజున ఆయన పులుసు ముందు కూర్చుని దాన్ని క్షమించినట్టు తినేవాడు.

మూడో ఏడు చివర్లో కొత్త ప్రాజెక్టు మేనేజరు వచ్చాడు. ఐర్లాండు దేశస్థుడు. ఇంటిపేరు డెలానీ.

ఆ వార్త నాకంటే ముందు క్యాంపుకు చేరింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రాజయ్య మేస్త్రీ స్టోరు కిటికీ దగ్గర నిలబడి, పది మందికి వినపడేట్టు, "ఏం డెలానీ సాబ్, మీ పెదబాపు అచ్చిండట గద! ఇగ మమ్ముల గుర్తు వడ్తవా?" అన్నాడు. పెదబాపు అంటే వాళ్ళ వైపు పెదనాన్న.

"ముందర నీ గ్లోవులు ఎనక్కి ఇయ్యి రాజయ్యా. ఎవురు పెదబాపో తర్వాత చూస్తాం" అన్నాడు మా డెలానీ.

రెండో రోజే ఆ దొర స్టాఫు జాబితాలో పేరు చూసి యార్డుకి బయల్దేరాడు. ఫైళ్ళు పట్టుకుని నేనూ వెనకే ఉన్నాను. ఎర్రటి ముఖం, యాభై అయిదు పైబడిన వయసు, తక్కువ మాట. స్టోరులోకి వచ్చి, "మిస్టర్ డెలానీ ఉన్నారా?" అని మా డెలానీనే అడిగాడు.

"నేనే సార్."

దొర నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న విని నాకు మా మేనత్త గుర్తొచ్చింది. "మీరు ఏ ఊరి డెలానీలు?" అన్నాడు. ఇంటిపేరు వినగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగే జబ్బు మనకే ఉందనుకున్నాను. ఐర్లాండులో కూడా ఉందట.

"బిట్రగుంట సమాధుల్లో మా ముత్తాత రాయి ఉంది సార్. ఇంజను డ్రైవరు. దానిమీద ఐర్లాండు, క్వీన్స్ కౌంటీ అని చెక్కి ఉంది" అన్నాడు మా డెలానీ. తన ఇంగ్లీషులో, చేతులు కట్టుకుని.

"ఆ జిల్లాకి ఇప్పుడు వేరే పేరు. మాది ఆ జిల్లాయే" అన్నాడు దొర. అని చెయ్యి చాచాడు. కరచాలనం కాస్త ఎక్కువసేపు సాగింది. మా డెలానీ రెండో చేత్తో బల్లమీద రెండు దెబ్బలు కొట్టాడు, ఎందుకో మరి.

ఆనాటి నుంచి దొర ఆయన్ని అందరి ముందూ 'కజిన్' అని పిలవడం మొదలుపెట్టాడు. స్టోరుకు కొత్త ఫ్యాను వచ్చింది. రాజయ్య తీసుకెళ్ళిన గ్లోవులు తీసుకెళ్ళినట్టే తిరిగి ఇచ్చేశాడు. ఒక రోజు ధైర్యం చేసి మా డెలానీ భార్య సంగతి ఎత్తాడు. దొర కంపెనీ నిబంధనలు తిరగేసి, సీనియర్ స్టాఫుకి బంధువైన ఉద్యోగికి కుటుంబ వీసా సిఫారసు చేసే వీలుందని కనిపెట్టాడు. "మీ వంశం సంగతి ఒక పేజీ రాసివ్వు. నా సంతకంతో పై ఆఫీసుకి పంపుతాను. నేను సిఫారసు చేస్తే వీసాకి పూచీ ఉండే కఫీల్ కాదనడు" అన్నాడు.

మా డెలానీ ఆ సాయంత్రం బస్సెక్కి మనామా వచ్చాడు. నా బల్ల ముందు కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "సిగ్నల్ పడిందబ్బయ్యా. రాయి" అన్నాడు.

రాయడం మొదలుపెట్టాను. ముత్తాత, తాత, తండ్రి. అర పేజీ కూడా రాలేదు. బీకాం చదివినవాడు అర పేజీతో తృప్తి పడడు. "ఇంకేమైనా ఉందాండీ, గట్టి రుజువు లాంటిది?" అని అడిగాను.

"ఉంది గదా. అసలు సంగతి చెప్పలా నీకు. మా తాత ఆయన కన్నకొడుకు కాదు. కరువులో రైలు కట్ట మీద ఏడస్తా ఉంటే ఆ డెలానీ దొర ఇంజను ఆపి ఎక్కించుకున్నాడంట. మావోడే, తెలుగు పిలకాయ. ఇంటికి తీసకపొయి, చర్చి గుళ్ళో నీళ్ళు పోయించి, పుస్తకంలో తన పేరు రాయించినాడు. ఆయనకి పెండ్లీ లేదు, పిల్లల్లేరు. పోయినప్పుడు మట్టి ఏసింది మా తాతే."

"దత్తతన్న మాట."

"ఆఁ, దత్తే. రాయొచ్చా?"

"రాయొచ్చా ఏమిటండీ, ఇదే కదా అసలు బలం!" అన్నాను.

ఈ తప్పు చెయ్యాలంటే తెలుగువాడై పుట్టాలి. మన లెక్కలో దత్తు పోయినవాడికి ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, మైల మారుతుంది. అంతటితో వాడు ఆ ఇంటి కొడుకే, ఇక అడిగేదేమీ ఉండదు. నేను రెండో పేరా అంతా దానికే కేటాయించాను. కన్నకొడుకు దైవికంగా పుడతాడు గానీ దత్తపుత్రుణ్ణి కోరి తెచ్చుకుంటారనీ, కాబట్టి ఈ డెలానీలకు ఆ ఇంటిపేరు మీద మిగతావారికంటే గట్టి హక్కు ఉన్నదనీ రాశాను. ఆ వాక్యం ఇంగ్లీషులో బాగా కుదిరింది. ఇద్దరం రెండుసార్లు చదువుకున్నాం. ఆయన కళ్ళు తుడుచుకుని, "నువ్వు ప్లీడరు కావాల్సినోడివి అబ్బయ్యా" అన్నాడు. కాకపోవడం ఎంత మంచిదో మర్నాడు తెలిసింది.

దొర నా ఎదుటే చదివాడు. మొదటి పేరా దగ్గర తలూపాడు. రెండో పేరా దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. "ఓ. అయితే రక్తసంబంధం లేదన్న మాట" అన్నాడు. కోపం లేదు. చేతికి దొరికిన వస్తువు మరొకరిదని తెలిసి కింద పెట్టేసిన మనిషిలా ఉన్నాడు. కాగితాన్ని దరఖాస్తుతో సహా ట్రేలో అన్నిటికంటే అడుగున పెట్టాడు.

ఆ వారం 'కజిన్' పోయి 'మిస్టర్ డెలానీ' అయ్యింది. పై వారం 'స్టోర్‌కీపర్' అయ్యింది. ఫ్యాను మాత్రం తీసుకుపోలేదు.

"ఏమన్నాడబ్బయ్యా?" అని మా డెలానీ అడిగాడు.

"చూస్తానన్నారండీ" అన్నాను. నా పేరా వల్లే చెడిందని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోయినా తెలియని మనిషి కాదు. అయినా శుక్రవారం పులుసుకి నన్ను పిలవడం మానలేదు. నాకు ముల్లు తియ్యడం సరిగా రాదని ఎప్పటిలా ముక్కలేరి వేసేవాడు. తిడితే కాస్త సుఖంగా ఉండేది.

జనవరిలో ఒక పొద్దున టెలెక్సు వచ్చింది. దొర తల్లి పోయింది. దొర సైటులో ఉన్నాడు. ఆయన్ని పిలిపించమని చెప్పడానికి యార్డుకి ఫోన్ చేస్తే మా డెలానీ ఎత్తాడు. సంగతి చెప్పాను. "అట్నా" అన్నాడు. రిసీవరు పెట్టేసిన చప్పుడు.

గంట తర్వాత టికెట్టు కాగితాలు తీసుకుని నేను యార్డుకి వెళ్ళేటప్పటికి దొర కారు స్టోరు ముందే ఆగి ఉంది. మా డెలానీ స్టోరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నెత్తిమీంచి పాదాల దాకా తడిసి, చొక్కా ఒంటికి అంటుకుపోయి, సముద్రం గాలికి పళ్ళు టకటకలాడుతూ. జనవరిలో బహ్రెయిన్ చలి తక్కువేం కాదు. యార్డు కొళాయి కింద కట్టుబట్టలతో కూర్చుని నాలుగు బకెట్లు పోసుకున్నాడని రాజయ్య చెప్పాడు. "పిస్స లేసిందా ఏంది సాబ్ అన్న. ఇంగో బకెట్ పోస్కుండు."

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"ఏందంటావేంది? ఇంటిపేరోళ్ళ ఇంట్లో చావు. వినంగానే తల మీద నీళ్ళు పోసుకోవాల గదా. నీకు తెలీదా?"

నాకు తెలుసు. క్రైస్తవుల్లో ఈ మైల లేదని కూడా తెలుసు. అది ఆయన భార్య పుట్టింటి ఆచారమో, బిట్రగుంట గాలో. కారు అద్దం దించి దొర నన్ను పిలిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ మనిషికి ఏమయింది?" అన్నాడు.

ఈసారి పేరాలు అల్లలేదు. "మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్ళింట్లో ఎవరైనా పోతే, కబురు వినగానే అలా స్నానం చెయ్యాలండీ. పది రోజులు మైల ఉంటుంది" అన్నాను.

దొర చాలాసేపు అటే చూశాడు. "నా సొంత తమ్ముడు పని ఒత్తిడి వల్ల రాలేనని కబురు పెట్టాడు" అన్నాడు, నాతో అన్నట్టు కాదు. కారు కదిలింది.

పది రోజులూ మా డెలానీ చేప ముట్టలేదు. గడ్డం గీసుకోలేదు. రాజయ్య కూడా ఆ పది రోజులూ పెదబాపు మాట ఎత్తలేదు.

రెండు వారాలకు దొర తిరిగొచ్చి ఆయన్ని ఆఫీసుకి పిలిపించాడు. తలుపు వేశారు. పావుగంట. బయటికి వచ్చాక ఏం జరిగిందండీ అంటే, "కూర్చోమన్నాడు. టీ ఇచ్చినాడు" అన్నాడు, అంతే. ఆ మధ్యాహ్నం దొర ట్రే అడుగు నుంచి దరఖాస్తు తీసి, బంధుత్వం అన్న గడిలో తన చేత్తో 'కజిన్' అని రాసి, సంతకం చేసి నాకిచ్చాడు. రెండో పేరా కొట్టెయ్యమంటారా అని అడిగాను. "అక్కర్లేదు, ఉండనీ" అన్నాడు.

ఇదే కట్టుకథ అయితే ఆవిడ వచ్చేది. నెల తర్వాత పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. పనులు తగ్గుతున్నాయి, ఈ ఏడు కొత్తగా ఎవరికీ కుటుంబ వీసాలు లేవు. ఆ దరఖాస్తు రెండు నెలల ముందు వెళ్ళి ఉంటే వేరుగా ఉండేదని దొర లెక్క చూసి చెప్పాడు. నిజాయితీపరుడు, తన తప్పు లెక్క కట్టి మరీ చెప్పాడు. నా తప్పు నేను కట్టుకున్నాను. వేసవి రాకముందే యార్డు మూశారు. ఖలాస్.

విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. "ఆ పేరా నేను రాయకుండా ఉండాల్సిందండీ" అన్నాను, మూడు నెలల నుంచి కూడబలుక్కున్న మాట.

"అబద్ధం రాశావా? లేదే" అన్నాడు. నా వీపు మీద కణుపులతో రెండు కొట్టి, తల వాల్చి విన్నాడు. "పగులేం లేదు, పో" అన్నాడు. బకెట్టు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగైదు కార్డులు. ఆపైన మామూలే. మనుషులు ఉన్నారని తెలిస్తే చాలనుకుంటాం, వెళ్ళి చూడం. పోయారని తెలిశాక రైలు టికెట్టు కొంటాం.

బిట్రగుంటలో ఆవిడ నన్ను చూసి ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది. "నువ్వేనా టైపు అబ్బాయివి" అంది. నాకు అరవై దాటాయి. ముందు గదిలో గోడ మీద వరసగా ఫోటోలు: ఆయన, వాళ్ళ నాన్న, ఆవిడ అమ్మానాన్నలు. ఆ వరసలోనే, చిన్న ఫ్రేములో, తెల్లటి ముసలావిడ. కింద ప్రార్థన అచ్చువేసి, పేరు చివర డెలానీ అని ఉంది. చనిపోయినవారి బొమ్మతో కార్డు అచ్చువేయించి బంధువులకు పంచుకోవడం ఐర్లాండు ఆచారమట. ఆ పావుగంటలో టీతో పాటు ఏమిచ్చాడో ఇన్నేళ్ళకు తెలిసింది.

"మా పెద్దత్త" అంది ఆవిడ, నా చూపు చూసి. "నేను ఎప్పుడూ చూళ్ళా. ఆయన వాళ్ళ పెద్దమ్మ అంట."

అవునన్నాను.

మే నెల. ఫ్యాను వేడిగాలిని గదిలో ఒక మూల నుంచి మరో మూలకు జరుపుతోంది. బిట్రగుంటలో ఆ వేళ కాకి కూడా వీధిలో లేదు. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఒక మాట అడగతా, నిజం చెప్పు. మూడేళ్ళు రమ్మంటా రమ్మంటా రాసినాడు. ఆఖరికి తనే వచ్చేసినాడు. ఏందయ్యా అంటే, నేనే వద్దనుకున్నా, ఆడ ఎండలు జాస్తి, నువ్వు తట్టుకోలేవు అన్నాడు. నేను మళ్ళీ అడగలా. నిజమేనా అబ్బయ్యా?"

"నిజమేనమ్మా. అక్కడి ఎండలు తట్టుకోలేం" అన్నాను, చొక్కా పై గుండీ విప్పుకుంటూ.